పచ్చచుక్క ఆర్పిన గంట

ఆపేసింది. ఒకటీ రెండూ కాదు, పదకొండింటిని. విచారణ మొదలవడానికి ఇంకా పది నిమిషాలుందనగా లాప్‌టాప్ సెట్టింగుల్లోకి దూరి, పైనుంచి కిందిదాకా ఒక్కోదాని పక్కనున్న మీటని ఎడమకి తోసేస్తూ, పో, నువ్వు కూడా పో, నువ్వింకా ఇక్కడే ఉన్నావా, పో, అని పళ్ళు బిగించి అనుకుంటూ నోటిఫికేషన్లన్నిటి నోళ్ళూ మూయించింది. ఆఫీసు చాట్, మెయిలు, క్యాలెండరు, వైరస్‌కి కాపలా కాసేది, కొత్త వెర్షనొచ్చింది ఇప్పుడే వేసుకుంటావా గంటాగి వేసుకుంటావా అని పీకల మీద కూర్చునేది, ఎప్పుడో అమ్మేసిన ప్రింటరులో ఇంకు నిండుకుందని ఇప్పటికీ బెంగపడేది, బయట ఎండగా ఉందని చెప్పేది (కిటికీ ఉంది, నాకు కళ్ళున్నాయి, నువ్వెందుకు చెప్పడం), అన్నీ పోయాయి. చివరికి ఏజెన్సీ వాళ్ళ సొంత ప్రోగ్రాము ఒక్కటి మిగిలింది. దానికి మీటే లేదు. దీన్ని ఆపే అధికారం మీకు లేదు, అని బూడిదరంగు అక్షరాల్లో రాసుకుని దర్జాగా కూర్చుంది. అధికారం లేదా, ఓహో, అలాగా, అనుకుని టకటక ఏకంగా ఇంటర్నెట్టే ఆపి పారేసింది. తెర మూలన ఆమె పేరు పక్కన ఎప్పుడూ వెలిగే పచ్చచుక్క రెండుసార్లు మిణుకుమని బూడిదైపోయింది. పనివేళల్లో చుక్క ఆరితే మెమో, రెండోసారి ఆరితే ఇంటికి, అని ఏజెన్సీ రూలు. ఆమెకి ఒక మెమో ఇదివరకే ఉంది.

టకటక అన్నది చిన్నప్పుడు మేనత్త పెట్టిన పేరు, ఏజెన్సీదాకా వెంటపడి వచ్చింది. ఆమె పని చెప్పుకోవడానికి ఇంతే. వినబడని మనిషి ఎవరైనా నలుగురి మధ్య కూర్చుని మాట్లాడాల్సి వస్తే ఏజెన్సీ ఆమెని పంపిస్తుంది, గదిలో ఎవరు ఏ మాటన్నా అది అప్పటికప్పుడు ఆమె వేళ్ళలోంచి దూకి, లాప్‌టాప్‌కి తీగతో కలిపి ఆ మనిషి ముందుంచిన చిన్న తెర మీద పడుతుంది. పదిహేడేళ్ళుగా ఇదే. ఇవాళ ఆ తెర ముందు కూర్చున్నది ప్రెస్సాయన. రేకులు కోసే ప్రెస్సుల షెడ్డులో పంతొమ్మిదేళ్ళు పనిచేసి, వినికిడి ఆ మోతలోనే వదిలేసి వచ్చిన మనిషి. ఇస్త్రీ చొక్కా మెడదాకా గుండీలు పెట్టుకుని, చేతులు రెండూ బల్లమీద బోర్లా పెట్టి, రెప్ప వేయకుండా తెరనే చూస్తున్నాడు. నాలుగు నెలల కిందట ఆ షెడ్డులో తోటి పనివాడి వేళ్ళు రెండు ప్రెస్సు కింద నలిగిపోయాయి. చేతులు లోపలికి పోకుండా అడ్డంగా ఉండాల్సిన ఇనుప జాలీ ఆ రోజు ప్రెస్సుకి లేదు. ఊడదీసింది ప్రెస్సాయనే అని ఫ్యాక్టరీ వాళ్ళు ఆయన్ని పనిలోంచి తీసేశారు. నేను కాదు మొర్రో అని ఆయన. అందుకే కార్మికుల ఆఫీసులో ఈ విచారణ. ఇవాళే ఆఖరి రోజు, ఇదే ఆఖరి గంట. పన్నెండింటికి ఆఫీసరుగారు ఏదో ఒకటి రాసి సంతకం పెడతారు, దాంతో ఆయన తిరిగి షెడ్డులోకి వెళ్తాడో, తోటివాడి వేళ్ళు తీసిన మనిషిగా బతికినన్నాళ్ళూ మిగిలిపోతాడో తేలిపోతుంది.

మొదలుపెడదామా అన్నారు ఆఫీసరుగారు. మొదలుపెడదామా, అని తెర మీద పడింది. ప్రెస్సాయన తల ఊపాడు. కేసు నంబరు, తేదీ, హాజరైనవాళ్ళ వివరాలు గుమాస్తా గడగడా చదువుతున్నాడు, వేళ్ళు వాటిదారిన అవి పరిగెడుతున్నాయి, ఇక మనసుకి చేసే పనేమీ లేదు. ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. అంత వేగంగా కొట్టాలంటే మనసంతా దాని మీదే ఉండాలి కదా అంటారు. మనసుంటేనే అడ్డం. మాట చెవిన పడటానికీ వేలు కదలటానికీ మధ్య తనెక్కడా లేదు. లేదు కాబట్టే ఆ మాటలు అంత శుభ్రంగా అవతలికి చేరతాయి. కళ్ళు మాత్రం మాట్లాడేవాళ్ళ పెదాల మీదే ఉండాలి. మాట పూర్తిగా బయటికి రాకముందే పెదాల మీద తెలిసిపోతుంది. కళ్ళు తిప్పి తన తెర తను చూసుకుందో, ఆ అరక్షణంలో నాలుగు మాటలు జారిపోతాయి, ఇక వాటి వెనక పరిగెత్తలేక చావాలి. అందుకని ఏం కొడుతోందో తను చూసుకోదు. చూసుకోకుండా కొట్టడం మేనత్త దగ్గర నేర్చుకుంది. ముందుగదిలో ఆరు టైపుమిషన్లు పెట్టుకుని వీధిలో పిల్లలందరికీ నేర్పేది ఆవిడ, చేతుల మీద తువ్వాలు కప్పేసి, కింద నుంచి తొంగిచూస్తే స్కేలుతో బల్లమీద ఒక్కటి వేసేది, గుండెలదిరిపోయేవి. ఆవిడ సొంత పని చేసుకుంటున్నప్పుడు మాత్రం గుమ్మంలో ఎవరు పిలిచినా, తలుపు విరగ్గొట్టినా, పేజీ అడుగుకి వచ్చేదాకా కుర్చీలోంచి లేచేది కాదు. పిలిచి పిలిచి గొంతులు పోయి వాళ్ళే మెట్ల మీద కూలబడేవాళ్ళు. పొగరు అనేవాళ్ళు, మొండిఘటం అనేవాళ్ళు. ఆవిడకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఆ పొగరు కాస్త తనకి కూడా రాసిచ్చి పోతే బాగుండేది అనుకుంటుంది టకటక.

ఫ్యాక్టరీ ప్లీడరు లేచాడు. ఈయన మీసం పై పెదవిని మింగేసి కింది పెదవి మీద కూడా కన్నేసింది, ఈయన మాట్లాడుతుంటే మామూలుకన్నా గుచ్చిగుచ్చి చూడాలి. పోయిన విచారణలో కూడా ఇలాగే మీసం వంక చూస్తూ కూర్చుంది, ఆ చూపులోనే కొంప మునిగింది. ప్లీడరు ఆ రోజు ఒక ప్రశ్న అడిగాడు. ప్రెస్సుకి జాలీ ఉండి తీరాలన్న సంగతి మీకు తెలుసు కదా, అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. అది తెలిసి కూడా ఆ రోజు మీ అంతట మీరే దాన్ని ఊడదీసి పక్కన పడేశారు కదా, అన్నాడు. టకటక మొత్తం కొట్టింది, ఒక్క అక్షరం వదల్లేదు, ఒట్టు. కానీ ప్లీడరు ఊపిరి తీసుకున్న ఆ సందులో ఆమె తెర మీదికి ఏజెన్సీ సర్వే ఒకటి ఊడిపడింది. ఈ రోజు మీకు ఎలా ఉంది, రెండు మాటల్లో చెప్పండి, అని పైన నవ్వే మొహాలూ ఏడ్చే మొహాలూ వరసగా పెట్టుకుని, కింద ఖాళీ డబ్బా తెరుచుకుని, కర్సరుని తన ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత ఆమె కొట్టిన ప్రతి మాటా ఆ డబ్బాలో పడింది. వాక్యం చివర ఎంటర్ నొక్కేసరికి అది సర్వేవాళ్ళకి వెళ్ళిపోయి, డబ్బా మూసుకుని, ఏమీ ఎరగనట్టు మాయమైపోయింది. ప్రెస్సాయన ముందున్న తెర మీద మిగిలింది మొదటి సగమే. జాలీ ఉండి తీరాలని మీకు తెలుసు కదా. ఎవరు చదివినా అది పూర్తి ప్రశ్నలాగే ఉంటుంది. తెలియకపోవడమేంటి, పంతొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషికి. అవును, అన్నాడాయన, తన గొంతు తనకి వినబడక గదంతా మోగిపోయేలా. గుమాస్తా రికార్డులో ప్రశ్న మొత్తం ఉంది, దాని కింద అవును అని ఉంది. ప్లీడరు మీసం కింద నవ్వుకోవడం చూసింది కూడా, ఎందుకో అర్థం కాలేదు.

అర్థమైంది ఆ సాయంత్రం. ఇంటికెళ్ళి చెప్పులు విప్పుతుంటే మెయిలొచ్చింది. మీ మనసులో మాట మాతో పంచుకున్నందుకు ధన్యవాదాలు, అని ఒక పసుపు పువ్వు బొమ్మ, దాని కింద ఆమె చెప్పిన మనసులో మాట. అది తెలిసి కూడా ఆ రోజు మీ అంతట మీరే దాన్ని ఊడదీసి పక్కన పడేశారు కదా. ఒక్క చెప్పుతోనే గుమ్మంలో ఎంతసేపు నిలబడిపోయిందో తెలీదు.  పదిహేడేళ్ళలో ఒక్క మాట పారబోసుకోలేదు, పారబోసిన రోజున చూడు ఎవరి నెత్తిన పారబోసిందో. తెల్లారగానే సూపర్‌వైజరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన్ని కూడా అందరూ పచ్చచుక్క అనే అంటారు, ఎవరి చుక్క ఎప్పుడు ఆరిందో కూర్చున్నచోటి నుంచి చెప్పేస్తాడని. నిజానికి చెడ్డవాడు కాదు, ఆయన చుక్కని పైన ఇంకెవరో చూస్తూ ఉంటారు, ఆ పైవాళ్ళది ఇంకొకరు. ఆఫీసరుగారికి నిజం చెప్పి ఆ ప్రశ్న మళ్ళీ అడిగించమని టకటక అడిగింది. ఆయన గ్లాసెడు నీళ్ళు తాగి, తలుపు వేసొచ్చి, మెల్లిగా చెప్పాడు. తప్పు మన తెర వల్ల జరిగిందని తెలిస్తే ఆ ఆఫీసు మళ్ళీ మన గడప తొక్కదట, ఏజెన్సీ మూతపడుతుందట, నలభై మంది వీధిన పడతారట.

"అయినా అవునన్నది ఆయన. నువ్వు అనలేదు కదా, నేను అనలేదు కదా."

ఆ మాట మీద ఆమెకి ఒళ్ళు మండిపోయింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. పోనీ ఇకనుంచైనా పనిలో ఉన్నప్పుడు ఇవన్నీ రాకుండా ఆపనివ్వండి అంటే, అర్జంటుగా ఏదైనా చెప్పాల్సి వస్తే ఎలా అన్నాడు. ఈ పదిహేడేళ్ళలో ఏజెన్సీ తనకి అర్జంటుగా చెప్పిన సంగతులు ఆ రాత్రే వేళ్ళమీద లెక్కపెట్టుకుంది: ఎవరి పుట్టినరోజుకో కేకు ఉందని, లిఫ్టు పనిచేయడం లేదని, మళ్ళీ పనిచేస్తోందని. లిఫ్టు సంగతి నాలుగుసార్లు. మూడు మెయిళ్ళు రాసింది. మూడింటికీ జవాబులు నోటిఫికేషన్లుగా వచ్చి పనిమధ్యలో మొహం మీద పడ్డాయి. ఒకరోజు విసిగిపోయి చాట్ ఆపేసింది, మర్నాటికి మెమో వచ్చింది. ఇన్ని చూసింది, ఇన్ని విన్నది, మరి తన నోరు ఎందుకు పెగల్లేదు? ఆ రోజే ఈ గదికొచ్చి రెండు ముక్కలు చెప్పేస్తే పోయేది కదా. భయం. ఉద్యోగం పోతుందని భయం, అంతే, దాన్ని ఏ పేరు పెట్టి పిలిచినా అది అదే. ఆరు వారాలు ఆ భయాన్ని పక్కలో వేసుకుని పడుకుంది.

ప్లీడరు ఫ్యాక్టరీ పనివేళల గురించి ఏవో అంకెలు చదువుతున్నాడు, ఆ అంకెలన్నీ తెర మీద పడుతున్నాయి, ప్రెస్సాయన ఒక్కోటీ చదువుకుని ఒక్కోదానికీ తల ఊపుతున్నాడు.  తెర మీద ఏం పడితే అదే లోకం అనుకుంటాడు ఆ మనిషి. పడనిది లేనట్టే. అమ్మ కూడా ఇలాగే నమ్మేది మనుషుల్ని, పిలిస్తే పనుంటేనే పిలిచారనుకునేది. ఇంట్లో అమ్మ మాట ఏనాడూ చివరిదాకా వెళ్ళలేదు. నా కళ్ళజోడేదీ అని ఒక గదిలోంచి, స్టవ్ మీద ఏదో మాడుతోందని ఇంకో గదిలోంచి, అమ్మా ఇది చూడు, అమ్మా అది చూడు. అమ్మకి ఒక కథ ఉండేది, చిన్నప్పుడు అక్కతో కలిసి నది దాటుతున్న కథ. సగం నదిలోకి వచ్చాక పడవవాడు ఉన్నట్టుండి తెడ్డు వదిలేసి లేచి నిలబడ్డాడే, అని అమ్మ మొదలుపెట్టేది, కళ్ళు పెద్దవయ్యేవి, చేతులు గాల్లోకి లేచేవి, అప్పుడు ఎవరో పిలిచేవాళ్ళు. ఉండవే వస్తా అని లేచి వెళ్ళేది. తిరిగొచ్చేసరికి అందరూ ఎటో పోయి ఉండేవాళ్ళు. పది సార్లు విని ఉంటుంది ఆ కథ, పడవవాడు నిలబడేదాకానే. ఎందుకు నిలబడ్డాడు? నీళ్ళలో ఏం చూశాడు? అక్కాచెల్లెళ్ళు ఏం చేశారు? అమ్మ పోయి ఆరేళ్ళు, ఆ పడవ నది మధ్యలోనే ఉండిపోయింది. ఆ పిలిచినవాళ్ళలో తనూ ఉంది, అదీ బాధ. ఒకసారి పిన్నీసు కోసం పిలిచింది. పిన్నీసు కోసం. ఆ పిన్నీసు గుర్తొస్తే ఇప్పటికీ ఏడుపొస్తుంది, తన మీద తనకి అసహ్యం వేస్తుంది, ఇప్పుడు కూడా కళ్ళు మసకబారుతున్నాయి. మసకబారితే మీసం కనబడదు, మీసం కనబడకపోతే మాట జారుతుంది, కాబట్టి ఏడవడానికి వీల్లేదు, ఏడుపు సంగతి పన్నెండు తర్వాత చూసుకోవచ్చు.

నిన్న రాత్రి అన్నం తింటూ భర్తకి మొత్తం చెప్పేసింది. ఆరు వారాలు కడుపులో దాచుకున్నది ఒక్క ఊపున కక్కేసింది. ఆయన బస్సు డ్రైవరు, ముప్పై ఏళ్ళుగా ఊరంతటినీ అటూ ఇటూ చేరవేస్తున్న మనిషి, ఇంట్లో మాత్రం అడిగితే తప్ప నోరు విప్పడు. అంతా విని, కంచంలో చెయ్యి అలాగే పెట్టుకుని, నా సీటు వెనక బోర్డుంది కదే, అన్నాడు, డ్రైవరుతో మాట్లాడరాదు అని. దాన్ని చూసి జనం నాకేదో గర్వమనుకుంటారు, ఆ బోర్డు నా కోసం కాదు, వెనక కూర్చున్న యాభై మంది కోసం. మళ్ళీ ఒక ముద్ద కలుపుకుంటూ, ఆ ప్రెస్సాయన నీ బస్సులో ఉన్నాడు, అన్నాడు. ఉద్యోగం పోతే ఎలా అని ఆమె అడగలేదు, ఆయనా ఎత్తలేదు, ఇద్దరికీ ఇంటి సంగతి తెలియక కాదు. పెరుగు వేసుకుంటావా అని మాత్రం అడిగాడు. ఆ క్షణంలోనే టకటక గట్టిగా అనేసుకుంది, రేపు తాడో పేడో తేల్చేస్తాను అని. అనుకున్నంత తేలిక కాదని ఇప్పుడు తెలుస్తోంది. పదకొండు మీటలు తోసేయడం ఒక ఎత్తు, నోరు తెరవడం ఒక ఎత్తు. ఈ పనిలో మొట్టమొదటి నీతి, గదిలో నువ్వు లేవు. నీ మాట ఒక్కటి కూడా ఆ తెర మీద పడకూడదు. పదిహేడేళ్ళలో ఎన్ని పెళ్ళిమాటలు, ఎన్ని తగాదాలు, డాక్టర్లు చెప్పిన ఎన్ని చావుకబుర్లు ఈ వేళ్ళ మీదుగా వెళ్ళాయి. అయ్యో అని కూడా కొట్టలేదు.

పావుతక్కువ పన్నెండు. ప్లీడరు అంకెలు ముగించాడు, కాగితం ఒకటి పైకి తీశాడు, మీసం దువ్వుకున్నాడు. పోయిన విచారణలో మీరే ఒప్పుకున్నారు, జాలీ మీరే ఊడదీశారని, రికార్డులో స్పష్టంగా ఉంది, దీని మీద ఇంకేమైనా చెప్పుకోవాలా, అని అడిగాడు. ఆ మాటలు తెర మీద పడ్డాయి. ప్రెస్సాయన చదివాడు. మళ్ళీ చదివాడు. బల్ల మీద బోర్లా ఉన్న చేతులు వెల్లకిలా తిరిగాయి. నేనెప్పుడు ఒప్పుకున్నాను, అన్నాడు గట్టిగా, నేను ఆ మాట అనలేదండీ, ఎప్పుడన్నానండీ, అని ఆఫీసరుగారి వంకా, గుమాస్తా వంకా, చివరికి టకటక వంకా చూశాడు. ఆఫీసరుగారు కాగితం తిప్పి చూసి, రికార్డులో ఉంది కదండీ, అన్నారు, కోపంగా కాదు, అలిసిపోయి. రికార్డులో ఉంది కదండీ, అని కొట్టింది టకటక. ఎంటర్ నొక్కింది. వేళ్ళు ఆగాయి. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు, కొట్టడానికి ఎవరి మాటా లేదు, ఆయన ఇంకా తన వంకే చూస్తున్నాడు. ఇక చాలు, అనుకుంది, చాలంటే చాలు, నలభై మంది పేరు చెప్పి ఈ ఒక్కడి గొంతు నొక్కుతారా. పదిహేడేళ్ళలో మొదటిసారి పెదాల మీది నుంచి కళ్ళు తీసి కీబోర్డు వంక చూసింది, టైపు కొత్తగా నేర్చుకుంటున్నదానిలాగ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ఇది నా మాట. టైపు చేసేదాన్ని చెబుతున్నాను. ఆ రోజు ప్రశ్నలో రెండో సగం మీకు కనబడలేదు. మొదటి సగానికే మీరు అవునన్నారు. తప్పు మీది కాదు.

ఆ తెర ఆయనకి తప్ప ఎవరికీ కనబడదు. ఆయన ముందుకి వంగాడు, పెదాలు కదిపాడు, తర్వాత ఉన్నదున్నట్టు పైకి చదివేశాడు, షెడ్డులో పది ప్రెస్సుల మోత మీద మాట్లాడే గొంతుతో, కిటికీ అద్దాలు అదిరేలా. ఇది నా మాట, టైపు చేసేదాన్ని చెబుతున్నాను, అంటూ ఒక్క ముక్క వదలకుండా. గుమాస్తా పెన్ను కింద పడేసుకున్నాడు. ఆఫీసరుగారు కళ్ళజోడు తీశారు.

"ఎవరన్నారమ్మా ఆ మాట?"

"నేనండీ," అంది టకటక. ఈ గదిలో తన గొంతు వినడం ఆమెకే కొత్త.

ప్లీడరు అంతెత్తున లేచాడు. టైపు చేసే ఆవిడ సాక్షి కాదన్నాడు, ఆవిడకి ఇక్కడ నోరే లేదన్నాడు, ఫ్యాక్టరీ మీద ఎవరో ఎగదోశారన్నాడు, ఈ రోజే ఏజెన్సీ మీద కంప్లయింట్ పెడతానన్నాడు. అవన్నీ ఆమె పొల్లుపోకుండా కొట్టింది. ఆవిడకి ఇక్కడ నోరే లేదు, అన్నది కూడా కొట్టింది. ఎవరు ఏమన్నా ఆయనకి చేరాలి, తనని తిట్టినా సరే. రుజువు ఉందా అని అడిగారు ఆఫీసరుగారు. ఉందండీ, మీరు లేచి ఇటువైపు రావాలి, అంది. ఆఫీసరుగారు బల్ల చుట్టూ తిరిగి వచ్చి ప్రెస్సాయన కుర్చీ వెనక నిలబడ్డారు. టకటక ఇంటర్నెట్టు కలిపింది, మీటలన్నీ కుడివైపుకి తోసింది. మీరు ఏదైనా ఒక ప్రశ్న అడగండి, అంది, కళ్ళు ఆయన పెదాల మీద నిలిపి. జాలీ ఆఖరిసారి, అన్నారు ఆఫీసరుగారు, ఎవరి చేతిలో చూశారు? అంతే, గంట నుంచి గుమ్మంలో పడిగాపులు పడ్డవన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. మెయిళ్ళు, క్యాలెండరు, కొత్త వెర్షను, ఇంకు, ఎండ, ఆ పైన సూపర్‌వైజరు చాట్, చుక్క ఆరిందేంటి, ఉన్నావా, జవాబివ్వు, అని. ఆమె చూడలేదు, ఎప్పట్లాగే కొట్టింది, ఎంటర్ నొక్కింది. ప్రెస్సాయన తల వెనక్కి తిప్పి, అయ్యా, జాలీ ఆఖరిసారి ఏంటండీ, మిగతాది రాలేదు, అన్నాడు. మిగతాది సూపర్‌వైజరుకి వెళ్ళిపోయింది. ఎవరి చేతిలో చూశారు, అని ఆమె పేరు మీద అందుకున్న ఆ మహానుభావుడు, దేన్ని, అని జవాబిచ్చాడు. ఆమె లాప్‌టాప్ మీద ఆ జవాబు తొంగిచూసి గుమాస్తా నవ్వాపుకోలేక దగ్గాడు. ఆఫీసరుగారు నవ్వలేదు. వంగి ఆ తెరనే చాలాసేపు చూశారు. టకటక సర్వేవాళ్ళ మెయిలు తెరిచి పసుపు పువ్వు కింద ఉన్న వాక్యం చూపించింది, అది సర్వేకి చేరిన తేదీ చూపించింది, నిమిషం చూపించింది. గుమాస్తా రికార్డు తెచ్చి పక్కన పెట్టాడు. అదే రోజు, అదే నిమిషం.

ఆఫీసరుగారు తన కుర్చీకి తిరిగి వెళ్ళి, ఆ పాత ప్రశ్న మళ్ళీ అడగండి, మొత్తం, అన్నారు ప్లీడరుతో. టకటక మళ్ళీ పదకొండింటినీ ఎడమకి తోసింది, ఇంటర్నెట్టు ఆపింది. సూపర్‌వైజరు పంపిన ఆఖరి మెసేజ్ తెర మీద సగమే తేలింది, మిగతా సగం ఏమిటో తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఈపాటికి రెండో మెమో తయారవుతూ ఉంటుంది. తయారు కానీ. రేపటి నుంచి ఏం చేయాలో రేపు చూసుకుంటుంది, ఈ నిమిషం మాత్రం ఎవరి అబ్బ సొత్తూ కాదు, ప్రెస్సాయనది. ప్లీడరు కాగితం చూసి చదివాడు, ఊపిరి తీసుకున్నాడు, రెండో సగం కూడా చదివాడు. రెండు సగాలూ ఒకదాని కింద ఒకటి తెర మీద పడ్డాయి. ప్రెస్సాయన తొందరపడలేదు, వేలు తెర మీద ఆనించి మాట వెంట మాట చివరిదాకా చదివాడు, చదివి ఆ వేలు అక్కడే ఉంచాడు.

"ఉండాలని తెలుసండీ. ఊడదీసింది నేను కాదు. పని తొందరగా తెమలాలని ఫోర్‌మన్ ఊడదీయించాడు. మళ్ళీ పెట్టించమని మూడుసార్లు అడిగాను. ఇదే చెబుదామని ఆ రోజంతా ఇక్కడ కూర్చున్నానండీ, నన్నెవరూ అడగలేదు."

ఆయన మాటలు కూడా ఆయనకి తెర మీద చూపించడం ఆమె పనే, చెప్పింది చెప్పినట్టు పడిందో లేదో చూసుకోవడానికి. ఆయన చూసుకున్నాడు. కళ్ళు దగ్గరికి తెచ్చుకుని, ఎక్కడో ఆగి, అక్కడే రెండుసార్లు వెతికి, తలెత్తాడు. "మూడుసార్లు అడిగానన్నది పడిందా అమ్మా?" అని అడిగాడు, ఈసారి గొంతు ఎందుకో బాగా తగ్గిపోయింది. ప్లీడరు చేతిలో కాగితం మడిచేశాడు. ఆఫీసరుగారు పెన్ను కాగితం మీద ఆనించి టకటక వంక చూశారు. ఆమె వేళ్ళు తమంతట తామే కదిలాయి.

పడిందన్నా, అని కొట్టింది.